ముసలి యెడ్లకు గడ్డి : పశురక్షణశాలకు మనము చేయదగిన సాయము

మన సహకార సంఘముల పాత అప్పు పుస్తకములను తిరుగవేసినవారికి ఒక పద్దు తఱచుగా కనుపించును: “ఎడ్ల కొనుగోలు నిమిత్తము.” విత్తనములకును, ఎరువులకును, నూతి త్రవ్వకమునకును ఇచ్చిన అప్పులతోపాటు జతయెడ్లు కొనుటకును సంఘములు అప్పు లిచ్చుచుండెను. పుస్తకములో ఒక ప్రక్క రైతు సంతకమో వేలిముద్రయో యుండును. మఱియొక ప్రక్క జామీనుదారుల సంతకము లుండును. వాయిదాలు చెల్లించినవాడు రైతేయని పుస్తకము చెప్పుచున్నది. ఆ వాయిదాల సొమ్మును దున్ని, తోలి, మోసి సంపాదించిన జంతువు పేరు మాత్రము అందెచ్చటను లేదు.

ఈ సంగతి ఇప్పు డెత్తుటకు కారణము కలదు. ట్రాక్టరు వచ్చినది, వరికోత యంత్రము వచ్చినది, బండి పోయి ఆటో వచ్చినది. ఇది తప్పని మేము చెప్పబోము. మాలో అనేకులము ట్రాక్టరుతోనే దున్నించుచున్నాము. కాని దాని ఫలమేమో చూడుడు. 2019వ సంవత్సరపు పశుగణనలో మన దేశమునందలి గోజాతిలోని మగపశువుల సంఖ్య 2012 నాటికన్న నూటికి 30 వంతులు తగ్గినట్లు తేలినది. ఆ గణనలోనే యజమానులు లేక రోడ్లమీద తిరుగు పశువులు 50 లక్షలకు పైబడి లెక్కకు వచ్చినవి. పనికి రాని కోడెదూడ, కట్టని ఆవు, మెడ పుండు పడిన ముసలియెద్దు, ఇవియే ఆ లెక్కలోని పశువులు. ఇవి పట్టణమువారి పశువులు కావు. పట్టణములో తిరుగుచున్నను పుట్టినది మన పల్లెలలోనే. ఒక రాత్రివేళ పలుపు విప్పి, రెండు మూడు కోసుల దూరము తోలి విడిచివచ్చినవారు మనలోనివారే.

ఇట్టి పశువులను చేర్చుకొను స్థలములను గోశాలలనియు, పింజరాపోలులనియు, పశురక్షణశాలలనియు పిలుచుచున్నారు. చెన్నపట్టణమునందలి పింజరాపోలు 1906లోనే యేర్పడినది. బందెలదొడ్డికిని దీనికిని భేదము కలదు. బందెలదొడ్డి 1871 నాటి చట్టమునుబట్టి యేర్పడినది. పైరు మేసిన పశువును అందు కట్టివేసి, యజమాని రుసుము చెల్లించిన విడిచిపెట్టెదరు. పశురక్షణశాలకు వచ్చిన పశువుకొఱకు వచ్చు యజమాని యెవడును లేడు. అది బ్రతికినంతకాల మచ్చటనే మేయవలయును. కావున అట్టి శాలకు ఖర్చు ఒకనాటితో తీరదు.

గడచిన వేసవిలో మేము కొందఱము కూడి మా ప్రాంతమందలి యొక శాలను చూచి వచ్చితిమి. దాని పేరు ఇచ్చట వ్రాయము. అన్ని శాలల స్థితియు ఇంచుమించు నట్లేయుండును. నలువదికి మించని పశువులు. రెండు రేకుల కొట్టములు, ఒక నీళ్ళతొట్టి, ఒక బోరు. గోడమీద దాతల పేర్లు చలువరాతిపై చెక్కబడియున్నవి. గడ్డివామి యుండవలసిన చోట నల్లబడిన కుళ్ళుగడ్డి కుప్పయొకటి యున్నది. పశువులను చూచుకొను వృద్ధుడొకడు మాతో నిట్లనెను: “అయ్యా, కనుమనాడు వచ్చేవాళ్ళకి కొదవ లేదండి. అరటిపళ్ళు, పొంగలి, బెల్లం, అన్నీ తెస్తారు. జ్యేష్ఠమాసంలో ఒక్క మోపు గడ్డి తెచ్చేవాడే కనపడడు.”

ఆ పొంగలి సంగతి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన దానివలన పశువులు చచ్చుచున్నవి. పశువు మనవలె అన్నము తిని అరిగించుకొను జంతువు కాదు. దాని పెద్దపొట్టలో కంటికి కానరాని సూక్ష్మజీవులు కోట్లకొలది యుండి, గడ్డిని కొంచెము కొంచెముగా పులియజేసి పశువున కాహారముగా మార్చును. అలవాటు లేని పశువు ఒక్కసారిగా గంపెడన్నమో, బియ్యమో, పిండియో తిన్నచో, ఆ పొట్టలో విపరీతమైన పులుపు పుట్టును. సూక్ష్మజీవులు నశించును, నెమరు నిలిచిపోవును, పుల్లని వాసనతో నీళ్ళవలె పేడ పడును, ఒంటిలోని నీరు పొట్టలోనికి లాగుకొనిపోయి కన్నులు లోతుకు పోవును. వెంటనే వైద్యుడు రానిచో ఒకటి రెండు దినములలో పశువు పడిపోవును. పండుగనాడు వచ్చిన పదిమందియు తలకొక గిన్నె పెట్టుదురు. ఎవరికివారు కొంచెమే పెట్టితి మనుకొందురు. అంతయు చేరునది ఒకే పొట్టలోనికి. మేము చూచిన శాలలో నిరుడు పండుగ మరునాడు రెండావు లిట్లే పోయినవట. పెట్టినవారికి ఈ సంగతి నేటికిని తెలియదు. వారిని నిందించి ప్రయోజనము లేదు. అన్నముతోపాటు ప్లాస్టికు సంచిని కూడ అచ్చటనే విడిచి పోవువారిని మాత్రము కొంచెము నిందింపవచ్చును. ఆ సంచి పశువు కడుపులో చేరెనా, అరుగదు, బయటికి రాదు; ఏండ్లతరబడి పేరుకొని మేతకు చోటు లేకుండ జేయును.

కావున మొదటి సాయము: పండుగనాడు వండినది పెట్టకుడు. ఆ బియ్యమును అమ్మి ఆ పైకముతో గడ్డి కొని పంపుడు. మీ యింట పెండ్లి జరిగినపుడు మిగిలిన అన్నమును శాలకు తోలించుట పుణ్యకార్యమని యెవరైన చెప్పినచో, పై సంగతి వారికి వినిపింపుడు.

ఇక గడ్డి మాట. లెక్క వేసి చూతము. ముసలిదై పని చేయక నిలిచియున్న నాటుపశువునకు రోజుకు ఆరు కిలోల ఎండుమేత యైన కావలయును. నలువది పశువులకు రోజుకు 240 కిలోలు. నెలకు 7 టన్నులకు పైగా. పచ్చిక యెండిపోవు ఫాల్గుణమునుండి తొలకరి పచ్చిక లేచు ఆషాఢమువఱకు నాలుగు నెలలకు 29 టన్నులు. ఈ సంఖ్య చూచి శాలవారు బెదరుచున్నారు. మనము బెదర నక్కఱ లేదు. ఒక యెకరము వరిచేలో రమారమి రెండు టన్నుల గడ్డి వచ్చును. అనగా పదునైదు ఎకరముల గడ్డితో నలువది పశువులు వేసవి గట్టెక్కును. మన సంఘములో ఎకరమునకు తక్కువ కాని వరిచేను గల సభ్యులు పదునేనుగురు లేరా? యంత్రముతో కోయించినపిమ్మట గడ్డి చేలోనే పఱచుకొనిపోవుచున్నది. దానిని ఏరించుటకు కూలి గిట్టదని మనమే అగ్గిపుల్ల గీసి తగులబెట్టుచున్నాము. ఒక ప్రక్క చేలలో గడ్డి కాలుచున్నది. అచ్చటికి నాలుగు కోసుల దూరములో పశువులు గడ్డి లేక కాగితములు నములుచున్నవి. గడ్డిని చుట్టి కట్టలు కట్టు యంత్రము లిప్పుడు అద్దెకు దొరకుచున్నవి. ఆ యద్దెను, లారీ బాడుగను సంఘము భరించి, గడ్డిని మాత్రము సభ్యుడు విడిచినచో ఎవరిమీదను భారము పడదు. దాతల యొద్దకు రసీదు పుస్తకముతో తిరుగుటకన్న ఈ మార్గము మాకు మేలుగా తోచుచున్నది.

వరిగడ్డి ఒక్కటియే చాలునా యని పశువుల సంగతి తెలిసినవారు అడుగుదురు. చాలదు. దానిలో కండ పట్టించు సారము తక్కువ. మెట్టప్రాంతపు సభ్యులు జొన్నచొప్పను, వేరుసెనగ కట్టెను, మినుము, కంది పొట్టును పంపినచో అది వరిగడ్డికి తోడగును. వరిగడ్డికే బలము చేకూర్చు పద్ధతియు కలదు: నూఱు కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియాను ఏబదియైదు అఱువది లీటర్ల నీటిలో కరగించి, పొరపొరకును సమముగా చల్లి త్రొక్కి, గాలి చొరకుండ పట్టా కప్పి మూడు వారము లుంచవలయును. పిమ్మట అవసరమైనంత తీసి, గంటసేపు ఆరబెట్టి, ఘాటు పోయినతరువాత మేపవచ్చును. ఆరు నెలలలోపు దూడలకు పెట్టరాదు. యూరియా నీళ్ళను పశువు నేరుగా త్రాగినచో ప్రాణాపాయము. ఆ కుండను తొట్టిదగ్గఱ విడువకుడు. పచ్చి జొన్నపిలకలను, నీటియెద్దడితో వాడిన లేతజొన్నను, మందు చల్లిన చేని గట్లమీది పచ్చికను, బూజుపట్టిన గడ్డిని ఊరక వచ్చినదికదా యని శాలకు పంపరాదు. మీ సొంత పశువుకు పెట్టనిది అచ్చటికిని పంపవద్దు.

శాలనుండి మనకు వచ్చునదియు కొంత కలదు. నలువది పశువులవలన రోజుకు నాలుగువందల కిలోల పేడ పడును. అది ఇప్పుడు ప్రక్క గుంటలో పడి వానకు కొట్టుకొనిపోవుచున్నది. 2016నుండి ఆంధ్రదేశములో ప్రకృతి వ్యవసాయ మను పేర జీవామృతము వాడుక హెచ్చినది. దానికి ఎకరమునకు పది కిలోల నాటు ఆవుపేడయు, ఆవుపంచితమును కావలయును. ఇంట ఆవు లేని రైతు పేడకై ఊరెల్ల వెదకుచుండుట చూచుచున్నాము. గడ్డి తోలిన లారీ తిరుగుప్రయాణములో ఎరువు తెచ్చినచో బాడుగ సగము కలిసివచ్చును. గడ్డి యిచ్చినవానికి మొదట ఎరువు, మిగిలినది ధరకు అమ్మకము, ఆ ధర శాల పద్దుకు జమ. ఇట్టి యేర్పాటు వ్రాతపూర్వకముగా నుండవలయును. నోటిమాటపై నడచిన పనులు రెండవయేట నిలువవని మనకందఱకును అనుభవమే.

డబ్బు సాయము చేయదలచిన సభ్యులను మేము వలదనము. వైద్యునకును, మందులకును, కావలివాని జీతమునకును రొక్కమే కావలయును. గడ్డితో జీత మీయలేము. కాని యిచ్చుటకు ముందు రెండు మూడు సంగతు లడుగుడు: శాల రిజిస్టరైనదా? 1962లో ఏర్పడిన భారత జంతుసంక్షేమ మండలివారి గుర్తింపు కలదా? ఏటేట లెక్కలు తనిఖీ యగుచున్నవా? పశువుల రాకపోకల పుస్తక మున్నదా? చచ్చిన పశువుల సంఖ్యను దాచకుండ వ్రాయు శాలను నమ్మవచ్చును. ముసలివియు గాయపడినవియు చేరుచోట చావులు తప్పవు. చావే లేదని చెప్పువారిని మఱికొంచెము ప్రశ్నింపవలయును. ఆ మండలి మొదటి యధ్యక్షురాలు నాట్యకళా ప్రసిద్ధురాలైన రుక్మిణీదేవి అరండేలుగారు. రాజ్యసభలో ఆమె చేసిన ప్రయత్నము మూలముగానే 1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చినది. పశువును ఆకలిదప్పులకు గురియగునట్లు నిష్కారణముగా విడిచిపెట్టుట ఆ చట్టమునుబట్టి నేరము. అయితే మొదటితప్పునకు అందు విధించిన జరిమానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవఱకు మాత్రమే. ఏబది రూపాయలతో నేడు ఒక పూట మేత రాదు. కావున చట్టము చూచుకొనునని మన మూరకుండుటకు వీలు లేదు.

సంఘము తన లాభములోనుండి ఇట్టి పనికి ఇయ్యవచ్చునా యని కొందఱు సభ్యులు సందేహించిరి. 1912 నాటి సహకార సంఘముల చట్టములోనే దీనికి దారి కలదు: నికర లాభములో నాలుగవ వంతు నిలువనిధికి చేర్చినపిమ్మట, మిగిలినదానిలో నూటికి పదికి మించకుండ, రిజిస్ట్రారుగారి యనుమతితో, ధర్మకార్యమునకు ఇయ్యవచ్చునని అందున్నది. నేడు మనకు వర్తించు చట్టమును, మన ఉపనిబంధనలును వేఱు. వానిని చూచి, సర్వసభ్య సమావేశములో తీర్మానించి, అనుమతి పొందియే చేయవలయును. చుట్టునున్న సమాజముయెడ శ్రద్ధ వహించుట సహకారసూత్రములలో నొకటిగా 1995లో అంతర్జాతీయ సహకార కూటమివారు చేర్చిరి. మనకు అప్పు తీర్చిన యెద్దు ఆ సమాజములో చేరునో చేరదో సభ్యులే నిర్ణయింతురుగాక.

గడ్డియు, రూకలును గాక మనవద్ద మూడవ సొత్తొకటి కలదు. దానిని మనమే తక్కువగా చూచుచున్నాము. అది పశువును పట్టుట తెలిసిన చేయి. శాలలలో పని చేయవచ్చు పట్టణపు యువకులు మంచివారు, జాలిగుండె గలవారు. కాని కొమ్మువిసరు ఆవును ఏ ప్రక్కనుండి చేరవలయునో వారికి తెలియదు. కూలబడిన పశువును ఎత్తుటలో తాడు మెడకు వేసి లాగుదురు. మన సభ్యులలో నెలకొక్క దినము అచ్చటికి పోయి నేర్పగలవా రుండిన నెంతో మేలు. పడుకొనిపోయిన పశువును ఒరిగిపోనీయక ఱొమ్ముమీద నిలుచునట్లు గడ్డికట్టలతో ఆనించుట, ప్రక్కపుండ్లు పడకుండ రోజుకు నాలుగైదుసార్లు ప్రక్క మార్చుట, నోట బలవంతముగా నీళ్ళు పోసి ఊపిరితిత్తులలోనికి పోనీయకుండుట, ఇవి మన తల్లిదండ్రులు చెప్పకుండగనే మనము చూచి నేర్చినవి. నూతిలో పడినదానిని తీయుటకును ఇట్లే. కన్నులకు గుడ్డ కట్టి, వెడల్పైన గోనెపట్టీలు ముందుకాళ్ళ వెనుకనొకటియు, వెనుకకాళ్ళ ముందొకటియు వేసి సమముగా ఎత్తవలయును. అగ్నిమాపక దళమువారు 101కి చెప్పిన వత్తురు. వారు వచ్చులోపల పశువు మునుగకుండ పట్టుకొనుట మనపని. అంతకన్న ముందుపని, పాడుపడిన నూతులచుట్టు ముండ్లకంపయైన వేయుట. మన గ్రామములలో బోరులు వచ్చినతరువాత విడిచిపెట్టిన దిగుడుబావులు ఎన్ని నోళ్ళు తెఱచుకొని యున్నవో ఎవరి చేను వారే లెక్కించుకొనవచ్చును.

గాయపడిన పశువు రోడ్డుప్రక్కన కనబడినచో 1962 అను ఫోను సంఖ్యకు చెప్పవచ్చును. సంచార పశువైద్య వాహనముల యేర్పాటు తెలంగాణములో 2017లోను, ఆంధ్రప్రదేశములో 2022లోను మొదలైనది. ఏ మైలురాయి యొద్ద, ఏ ఊరి మొగసాలలో అని స్పష్టముగా చెప్పవలయును. కుక్కలు, గాడిదలు కూడ ఈ శాలలకు వచ్చుచున్నవి. చలికాలమున వానికి పాత గోనెసంచులు పంపిన చాలును. గాయపడిన కుక్కను మాత్రము వట్టిచేతులతో తాకవద్దు. కఱచిన పక్షమున సబ్బునీటితో పావుగంట కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి సూది వేయించుకొనవలయును.

తోలుకొనిపోవు పశువునుగూర్చి ఒకమాట. 2022లో ముద్దచర్మవ్యాధి దేశమంతట వ్యాపించి వేలకొలది పశువులను చంపినది. క్రొత్తగా వచ్చిన పశువును మూడువారములు వేఱుగా కట్టవలయునని శాలవారు కోరుచున్నారు; వారికి ఆ చోటు లేదు. మీ పశువును ఇక పోషింపలేమని నిశ్చయించుకొన్నచో, దానిని రాత్రివేళ వారి గేటునకు కట్టి రాకుడు. ముందుగా కబురు పంపి, గాలికుంటు, గొంతువాపు టీకాలు వేయించి, పగటివేళ తీసికొనిపోయి, దానితోపాటు ఒక యేటి గడ్డిని తోలింపుడు. ఏడాదికి ఆ ముసలియెద్దు తిను గడ్డి రెండు టన్నులకు కొంచె మెక్కువ. ఏరువాక పున్నమినాడు దాని కొమ్ములకు రంగు వేసినవారు ఇంతమాత్రము చేయజాలరా?

ఆ శాలలో మేము చూచిన కుళ్ళుగడ్డి కుప్ప సంగతి మిగిలియున్నది. నిరుడు ఒక దాత రెండు లారీల గడ్డి పంపెనట. దించినవారు దానిని నేలమీదనే గుట్టగా పడవైచిరి. క్రింద రాళ్ళు పేర్చలేదు; నడిమి ఎత్తు చేయలేదు; అంచులు దువ్వలేదు. మొదటివానకే నీరు నడిమికి దిగి, ముప్పాతిక పాలు పాడైపోయినది. వామి వేయుట తెలిసినవా రాశాలలో ఒక్కరును లేరు. మన గ్రామములలో ఆ పని యెఱిగిన పెద్దలింకను గలరు. యంత్రపుకోత వచ్చినపిమ్మట వారికిని ఆ పని తగ్గినది. సంక్రాంతి వెళ్ళినతరువాత కోతగడ్డి లారీలతోపాటు వచ్చి అచ్చట వామి వేసి యిచ్చుటకు ఇరువు రొప్పుకొనిరి. అంత వామికి నలుగురైన కావలయును. రాదలచినవారు సంఘ కార్యాలయములో పేరు వ్రాయింపుడు. గడ్డి యిచ్చువారు ఎన్ని సెంట్ల చేనిదో, ఏ దినమున కోత పడునో కూడ తెలుపవలయును. కట్టలు కట్టు యంత్రమును ముందుగా కుదుర్చుకొనవలసియున్నది.